చేత్తో చెక్కిన రైఫిల్ స్టాక్‌కి ఫినిష్: ఎంపిక నుంచి ఆఖరి పూత దాకా

రైఫిల్ స్టాక్ (భుజానికి ఆనించి పట్టుకునే చెక్క భాగం) చెక్కడం అయిపోయాక చాలామంది అడిగేవి ఇవే: ఏ నూనె వాడాలి, ఎన్ని పూతలు వెయ్యాలి, జిగట ఎందుకు వదలట్లేదు, అద్దంలా వస్తుందనుకుంటే మచ్చలుగా ఎందుకు వచ్చింది. వీటిలో సగం ఇబ్బందులు నూనె డబ్బా మూత తియ్యకముందే, గరుకు కాగితం పట్టే దగ్గరే మొదలవుతాయి. అందుకే ఇందులో పూత వెయ్యడం కంటే ముందు పనికే ఎక్కువ చోటిచ్చాను.

## 1. పనికి కూర్చునే ముందు

మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితో ఒకసారి, వేలితో ఒకసారి చూసుకోండి. బ్యారెల్ (గొట్టం), యాక్షన్ (తూటాని ఎక్కించి పేల్చే యంత్రభాగం), ట్రిగ్గర్ విప్పాక వాటిని తాళం ఉన్న చోట పెట్టేయండి.

బట్‌ప్లేట్ (స్టాక్ వెనక కొసకి బిగించే పలక), గ్రిప్ క్యాప్ (చేత్తో పట్టుకునే వంపు అడుగున ఉండే మూత) మాత్రం ఇప్పుడే విప్పొద్దు. ఎందుకో 4వ భాగంలో వస్తుంది.

గది 20 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ మధ్య, మరీ తేమ లేకుండా ఉంటే మంచిది. తేమ ఎక్కువైతే నూనె ఆరడం ఆలస్యమవుతుంది. చెక్క రుద్దే చోటు, పూత వేసే చోటు వేరువేరుగా ఉండాలి. ఒకటే గది ఉంటే రుద్దిన రోజు పూత వెయ్యకండి. గాలిలోని పొడి నేలకి దిగడానికి రాత్రంతా పడుతుంది.

ముక్కుకి మాస్కు తప్పనిసరి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్కపొడిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. వాల్‌నట్ పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు కూడా తెప్పిస్తుంది.

నూనె తుడిచిన గుడ్డల విషయంలో అజాగ్రత్త పనికిరాదు. ఈ నూనెలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఉండచుట్టి మూలన పడేసిన గుడ్డలో ఆ వేడి బయటికి పోయే దారి లేక, ఏ నిప్పురవ్వా లేకుండానే మంట అంటుకుంటుంది. వాడిన ప్రతి గుడ్డనీ ఆరుబయట ఒక్క పొరగా పరిచి, అట్టలా బిగుసుకున్నాకే పారెయ్యండి. లేదంటే నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- గరుకు కాగితం: 120, 150, 180, 220, 320, 400, 600 నంబర్లు
- రుద్దడానికి చెక్క దిమ్మ, గట్టి ఫెల్ట్ ముక్క, వంపుల కోసం రబ్బరు గొట్టం ముక్క
- మినరల్ స్పిరిట్స్ (పెయింట్ పలచన చేసే ద్రావకం)
- హెయిర్ డ్రయర్, పాత ఇస్త్రీపెట్టె
- నూలు పోగులు ఊడని మెత్తటి పాత బనీను గుడ్డలు
- పక్కకి వంచి వెలుగు పడేలా పెట్టుకోగల దీపం
- అదే చెక్కలోంచి మిగిలిన ముక్కలు, కనీసం రెండు మూడు

ఆఖరిది లేకుండా మొదలుపెట్టకండి. రంగైనా, నూనెయినా ముందు ఆ ముక్క మీద పడాలి, తర్వాతే స్టాక్ మీద.

## 2. ఏ ఫినిష్ ఎంచుకోవాలి

ఏది ఎక్కువ మెరుస్తుందని చూసి ఎంచుకునేవాళ్లే ఎక్కువ. ముందు చూడాల్సింది మరొకటి: రేపు గీత పడితే ఆ చోటు మాత్రమే బాగుచెయ్యగలరా, లేక స్టాక్ మొత్తం గీకేయాలా? చేత్తో చేసిన స్టాక్ బీరువాలో ఉండిపోదు, గీతలు పడతాయి.

అవిసె నూనె. పచ్చి నూనె ఆరడానికి వారాలు పడుతుంది. అందుకే త్వరగా ఆరేందుకు లోహ లవణాలు కలిపిన బాయిల్డ్ రకం వాడతారు. బాగుచెయ్యడం దీనితో చాలా తేలిక, కొంచెం నూనె రుద్దితే చాలు. నీటిని మాత్రం పెద్దగా ఆపదు. ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడుతుంది.

స్వచ్ఛమైన టంగ్ నూనె (టంగ్ చెట్టు గింజల నూనె). అవిసె నూనె కంటే నీటిని బాగా తట్టుకుంటుంది, అంతగా పసుపెక్కదు. పూతకీ పూతకీ మధ్య రెండు మూడు రోజులు ఆగాలి, పూర్తిగా గట్టిపడటానికి దాదాపు నెల. డబ్బా మీద టంగ్ ఆయిల్ ఫినిష్ అని ఉన్నవాటిలో చాలావరకు పలచన చేసిన వార్నిష్షే ఉంటుంది. అది చెడ్డదేం కాదు గానీ ఆరే తీరు వేరు. 100 శాతం టంగ్ నూనె అని రాసి ఉందో లేదో చూసి కొనండి.

పాలిమరైజ్డ్ నూనెలు. ట్రూ-ఆయిల్ అనే బ్రాండు ఈ కోవలోదే. ముందే కొంత చిక్కబరిచిన నూనె కాబట్టి గంటల్లో ఆరుతుంది. పూత మీద పూత వేస్తే పైన పలచటి పొర కడుతుంది. మెరుపు ఎంత ఉంచాలో మన చేతిలో ఉంటుంది, గీతలు పడితే ఆ చోటే సరిచేసుకోవచ్చు.

స్పార్ వార్నిష్. చెక్క ఉబ్బి తగ్గినా పగలకుండా సాగే గుణం దీనికుంది. వానలో తడిసే స్టాక్‌కి, ముఖ్యంగా లోపలి గాడులకి, దీన్ని మించింది లేదు.

పాలీయురేతేన్. గట్టిది, నీటిని ఆపుతుంది. దెబ్బ తగిలి పొర లేచిందంటే మాత్రం అతుకు కనిపించకుండా సరిచెయ్యడం చాలా కష్టం. కొత్త పూత పాత పూతలో కలిసిపోదు, పైన కూర్చుంటుంది.

లక్క. మైనం తీసిన లక్క లోపలి పూతగా బాగా పనికొస్తుంది. పైపూతగా వద్దు. ఆల్కహాల్ తగిలితే కరుగుతుంది, నీళ్లు నిలిస్తే తెల్లబడుతుంది.

మైనం. ఒక్క మైనమే పూసి వదిలేస్తే రక్షణ లేనట్టే. అన్నీ అయ్యాక పైన ఒక పలచటి పొరగా రాస్తే చేతికి నునుపుగా తగులుతుంది, అంతవరకే.

నా మాట అడిగితే, వాల్‌నట్ స్టాక్‌కి లోపల పలచన చేసిన స్పార్ వార్నిష్, పైన పాలిమరైజ్డ్ నూనె. బీచ్, బర్చ్ లాంటి సాదా చెక్కకీ ఇదే. రోజ్‌వుడ్ జాతి చెక్కలతో జాగ్రత్త. వాటిలో సహజంగా ఉండే పదార్థాలు నూనెని ఆరనివ్వవు, వారమైనా జిగటగానే ఉంటుంది. వాటికి ముందు మైనం తీసిన లక్క ఒక పూత తప్పదు.

దోమల మందు సంగతి కూడా గుర్తుంచుకోండి. డీట్ ఉన్న మందు చేతికి రాసుకుని స్టాక్ పట్టుకుంటే చాలా ఫినిష్‌లు మెత్తబడి వేలిముద్రలు దిగిపోతాయి. ఎంత గట్టి పూత వేసినా ఇది ఉండేదే.

## 3. పనుల వరస

వరస తప్పితే ఒక పని ఇంకో పనిని పాడుచేస్తుంది. ఎపాక్సీ బెడ్డింగ్ (యాక్షన్ కదలకుండా కూర్చునేలా దాని గాడిలో ఎపాక్సీ జిగురు పోయడం) చేసే ఉద్దేశం ఉంటే ఫినిష్‌కి ముందే చేసేయండి. అందులో ఎపాక్సీ లోహానికి అంటకుండా రాసే రిలీజ్ ఏజెంట్‌లో మైనమో సిలికానో ఉంటుంది. అది చెక్క పైభాగాన అంటితే ఆ చోట పూత పట్టదు.

1. బెడ్డింగ్, లోహ భాగాల అమరిక
2. రుద్దడం
3. లేచిన పోగులు కోయడం
4. రంగు, కావాలంటేనే
5. లోపలి భాగాలకి, కోత ముఖాలకి పూత
6. చెక్కలో సహజంగా ఉండే సన్నని రంధ్రాలు పూడ్చడం
7. పైపూతలు
8. మెరుపు సరిచెయ్యడం
9. చెకరింగ్ (చేతికి పట్టు దొరికేలా కోసే గళ్లు), దానికి పూత
10. మైనం

## 4. రుద్దడం

బట్‌ప్లేట్ విప్పొద్దన్నది ఇందుకే: అది లేకుండా రుద్దితే చెక్క అంచు గుండ్రబడుతుంది. తర్వాత బిగించి చూస్తే ప్లేట్ చుట్టూ లోహం పైకి నిలిచి ఉంటుంది, చెక్క లోపలికి పోయి ఉంటుంది. ప్లేట్ మీద రెండు పొరలు టేపు వేసి, దానితో కలిపే రుద్దండి. బ్యారెల్ గాడి అంచుల దగ్గరా ఇంతే. అక్కడ వేళ్లతో రుద్దితే అంచు కరిగిపోతుంది, దిమ్మ వాడండి.

ఉలి, ఆకురాయి గుర్తులు పోయేదాకా 120 నంబరుతోనే ఉండండి. చాలామంది ఇక్కడ తొందరపడతారు. 120 గీతలని 220తో పోగొట్టడం దాదాపు అసాధ్యం, నునుపు మాత్రం వస్తుంది, గీతలు అలాగే ఉండిపోతాయి. తర్వాత 150, 180, 220. ఒక్క నంబరు కూడా దాటెయ్యకండి.

ఎప్పుడూ చెక్క రేఖల వెంబడే రుద్దాలి. మణికట్టు ఆనే భాగం, గ్రిప్ వంపు, చీక్‌పీస్ (చెంప ఆనించే ఉబ్బు) కింద ఉండే మలుపు, ఈ మూడు చోట్లా తెలియకుండానే చెయ్యి అడ్డంగా తిరుగుతుంది.

నంబరు మార్చేముందు ఒక పని చేయండి. గది దీపం ఆపేసి, చేతిదీపాన్ని చెక్కకి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పడనివ్వండి. మామూలు వెలుతురులో నున్నగా కనిపించిన చోట సన్నని అడ్డగీతలు నీడలతో సహా బయటపడతాయి. ఇంకా నమ్మకం కలగకపోతే మినరల్ స్పిరిట్స్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడవండి. చెక్క తడిగా ఉన్న ఆ నిమిషంలో కనిపించేదే రేపు పూత కింద కనిపించేది.

నొక్కుపడిన గుంటలుంటే ఇప్పుడే తీసేయండి. తడిగుడ్డ పరిచి, వేడి ఇస్త్రీపెట్టె మొనని కొన్ని సెకన్లు ఆనించండి. ఆవిరికి అణిగిన నార ఉబ్బి పైకొస్తుంది. నార తెగిన గాటుకి మాత్రం ఇది పనిచెయ్యదు, రుద్దడమో పూడ్చడమో తప్పదు.

## 5. లేచిన పోగులు కోయడం

220 అయ్యాక స్టాక్‌ని తడిగుడ్డతో ఒకసారి తుడవండి, కారేలా కాదు. హెయిర్ డ్రయర్‌తో వెంటనే ఆరబెట్టండి. అరచేత్తో నిమిరితే ఇందాకటి నునుపు ఉండదు, చిన్న గడ్డం మొలిచినట్టు గరగరలాడుతుంది. రుద్దేటప్పుడు అణిగిపోయిన సన్నని పోగులే తడికి లేచి నిలబడ్డాయి.

వీటిని ఇప్పుడు తీసెయ్యకపోతే మొదటి పూతలో లేచి, ఆరాక ముల్లులా గట్టిపడతాయి.

కొత్త 320 కాగితంతో తేలిగ్గా కోసేయండి. కొత్తదే కావాలి. అరిగిన కాగితం పోగుల్ని కోయదు, మళ్లీ పడుకోబెడుతుంది. తడపడం, ఆరబెట్టడం, కోయడం రెండు మూడు సార్లు చేస్తే, ఆపైన తడిపినా చెక్క నున్నగానే ఉంటుంది. అప్పుడు ఆపండి.

## 6. రంగు

మంచి వాల్‌నట్‌కి రంగు అక్కర్లేదు, నూనె తగలగానే ముదురు రంగు దానంతట అదే వస్తుంది. పాలిపోయిన చెక్కకో మేపుల్‌కో అవసరమైతే డై (చెక్కలోకి ఇంకే రంగు) వాడండి. పిగ్మెంట్ రంగులు చెక్కలోని అలలని కప్పేస్తాయి. కోసిన చివరలు రంగుని ఎక్కువగా పీల్చి నల్లగా తయారవుతాయి కాబట్టి ముందు అక్కడ పలచటి లక్క ఒక పూత వెయ్యండి. రంగు వేసే ఉద్దేశం ఉంటే 320 దాటి రుద్దకండి, మరీ నునుపైన చెక్క రంగు పట్టదు.

## 7. లోపలి భాగాలు, కోత ముఖాలు

బయట నాలుగు పూతలు తక్కువైనా ఫర్వాలేదు గానీ ఇక్కడ ఒక్కటి తక్కువ కాకూడదు. చెక్కని అడ్డంగా కోసిన ముఖంలో సన్నని గొట్టాలన్నీ నోరు తెరిచి ఉంటాయి. తేమ ఎక్కువగా లోపలికి పోయేది అక్కడి నుంచే. లోపల తేమ పట్టిన స్టాక్ వంగి బ్యారెల్‌ని ఒకవైపు నొక్కితే గుండు తగిలే చోటు మారిపోతుంది.

స్పార్ వార్నిష్‌ని సగానికి సగం మినరల్ స్పిరిట్స్‌తో పలచన చేయండి. చెక్క పీల్చుకున్నంతసేపూ పూస్తూ ఉండండి. పావుగంట తర్వాత పైన మిగిలింది పూర్తిగా తుడిచేయండి. మర్నాడు మళ్లీ. కోత ముఖాలకి మూడు నాలుగు సార్లు పట్టొచ్చు.

మర్చిపోకూడని చోట్లు:

- బట్‌ప్లేట్ కింది ముఖం (ఇప్పుడు విప్పొచ్చు)
- గ్రిప్ క్యాప్ కింద
- ఫోర్‌ఎండ్ (బ్యారెల్ కింద ఉండే స్టాక్ ముందు భాగం) కొస
- బ్యారెల్ గాడి
- మ్యాగజైన్ తొట్టి గోడలు, ట్రిగ్గర్ సందు
- యాక్షన్ స్క్రూ, స్లింగ్ స్క్రూ రంధ్రాలు

యాక్షన్ కూర్చునే ముఖాల మీదా, రీకాయిల్ లగ్ (పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బని చెక్కకి అందించే లోహపు పన్ను) గాడిలోనూ పొర కట్టనివ్వకండి. అక్కడ పీల్చుకున్నది చాలు, పైది తుడిచెయ్యాల్సిందే. ఎపాక్సీ వేసిన చోట టేపు అంటించి వదిలేయండి.

## 8. రంధ్రాలు పూడ్చడం

వాల్‌నట్‌లో రంధ్రాలు కంటికి కనిపిస్తాయి. మేపుల్‌లో కనిపించవు, దానికి ఈ భాగం వదిలేయొచ్చు.

కొద్దిగా ఫినిష్ నూనె వేసి, 320 లేదా 400 తడి-పొడి కాగితంతో అరచెయ్యంత మేర గుండ్రంగా రుద్దండి. నూనె, చెక్కపొడి కలిసి గోధుమరంగు ముద్ద అవుతుంది. చెక్క రంగే కాబట్టి రంధ్రంలో కూర్చున్నాక తేడా తెలియదు. ముద్ద కాస్త బిగుసుకోవడం మొదలవగానే గుడ్డతో రేఖలకి అడ్డంగా తుడవండి. రేఖల వెంబడి తుడిస్తే రంధ్రంలోది బయటికి లాగేసినట్టే.

ఒకరోజు ఆరనిచ్చి మళ్లీ. మూడు నాలుగు విడతలు మామూలే. ఎన్నైనా, పక్కవెలుగులో చిన్న చిన్న గుంటలు కనిపించడం ఆగేదాకా.

## 9. పైపూతలు

స్టాక్‌ని వేలాడదీసే ఏర్పాటు ముందే చేసుకోండి. యాక్షన్ స్క్రూ రంధ్రంలోంచి తీగ గుచ్చి కట్టితే చాలు.

మూడు నాలుగు చుక్కల నూనె వేలికొసతో తీసుకోండి. అది స్టాక్‌లో ఒక పక్క సగభాగానికి సరిపోతుంది, సరిపోదనిపిస్తుంది గానీ సరిపోతుంది. గుండ్రంగా పరిచి, తర్వాత అరచేత్తో రేఖల వెంబడి పొడుగ్గా రుద్దండి. అరచెయ్యి వెచ్చబడి, కింద జారుడు పోయి కాస్త పట్టుకుంటున్నట్టు అనిపించగానే ఆపండి. ఆ తర్వాత ఇంకొక్కసారి నిమిరినా గీతలు పడతాయి.

చెక్క మీద తడి మెరుపు కనిపిస్తోందంటే పూత మందమైనట్టే. అప్పటికప్పుడు గుడ్డతో తుడిచేయండి.

- పూతకీ పూతకీ మధ్య ఒకరోజు ఆగండి. డబ్బా మీద రెండు గంటలని ఉన్నా సరే.
- మూడు పూతలకోసారి 600 కాగితంతోనో బూడిదరంగు సింథటిక్ ప్యాడ్‌తోనో తేలిగ్గా రుద్దండి.
- పొడి మొత్తం తుడిచాకే తర్వాతి పూత.
- ఎనిమిది నుంచి పన్నెండు పూతలకి మంచి పొర కడుతుంది.

స్టీల్ ఊల్ వాడితే నాలుగు సున్నాల రకమే వాడండి. దాని ఇనుప పోగులు రంధ్రాల్లో ఇరుక్కుంటాయి, అయస్కాంతం గుడ్డలో చుట్టి ఒకసారి స్టాక్ మీద తిప్పితే వచ్చేస్తాయి. నీళ్లతో చేసిన ఫినిష్ కింద మాత్రం స్టీల్ ఊల్ వద్దే వద్దు, మిగిలిన పోగులు తుప్పుపట్టి నల్లచుక్కలు తెస్తాయి.

సీసాలో మిగిలిన నూనె గాలి తగిలి మీగడ కడుతుంది. మూత బిగించి సీసాని తలకిందులుగా పెట్టుకోండి. మీగడ కట్టినా అది అడుగున ఉంటుంది.

## 10. మెరుపు సరిచెయ్యడం

ఆఖరి పూత తర్వాత రెండు వారాలు స్టాక్ జోలికి పోకండి. తొందరపడి రుద్దితే మెత్తటి పొర చిరుగుతుంది.

గోటితో నొక్కినా ముద్ర పడకపోతే గట్టిపడినట్టు. అప్పుడు ఫెల్ట్ ముక్క మీద రెండు చుక్కల మినరల్ ఆయిల్, చిటికెడు మెత్తటి ప్యూమిస్ (అగ్నిపర్వతపు రాయి) పొడి వేసి రేఖల వెంబడి రుద్దండి. గాజు మెరుపు తగ్గి సమంగా మసకబారుతుంది. ఇంకాస్త మెరుపు కావాలంటే వేరే ఫెల్ట్ ముక్కతో రాటన్‌స్టోన్ (ప్యూమిస్ కంటే మెత్తటి రాయి) పొడి వాడండి. ఒకే ముక్కతో రెండూ వద్దు, ప్యూమిస్ రేణువు ఒక్కటి మిగిలినా గీతలే.

అంచుల మీద ఎంత తక్కువ రుద్దితే అంత మంచిది. పొర ముందు తెగేది అక్కడే.

## 11. చెకరింగ్

పైపూతలు అయ్యాకే చెకరింగ్ కోయాలి. ముందే కోస్తే నూనె గళ్లలో నిండి మొనలు మొద్దుబారతాయి. కోశాక పలచన చేసిన నూనెని పాత టూత్‌బ్రష్‌తో పూసి, వెంటనే పొడి బ్రష్‌తో అదనం లాగేయండి. ఇలాంటివి రెండు పూతలు.

## 12. తేడా వస్తే

రోజులైనా జిగట పోలేదు. పూత మందమైంది, లేదా గదిలో తేమో చలో ఎక్కువైంది. వెచ్చటి పొడి చోట మరో వారం చూడండి. అయినా అంటుకుంటుంటే మినరల్ స్పిరిట్స్, ప్యాడ్‌తో ఆ పొర తీసేసి మళ్లీ పలచగా వేయండి. జిగట మీద కొత్త పూత వేస్తే ఎప్పటికీ ఆరదు.

రంధ్రాల్లోంచి నూనె బొట్లు పైకొస్తున్నాయి. పీల్చుకున్నది ఎక్కువై, వేడికి బయటికి తోసుకొస్తోంది. మొదటి రోజు గంటకోసారి తుడవండి. వదిలేస్తే మెరిసే గట్టి చుక్కలవుతాయి, అప్పుడు గీకాల్సిందే.

చేపకన్నులా గుండ్రటి ఖాళీలు. సిలికానో మైనమో అంటింది. ఆ పూత తీసి, మినరల్ స్పిరిట్స్‌తో రెండు సార్లు శుభ్రంగా తుడిచి, మైనం తీసిన లక్క ఒక పూత వేసి అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఒకచోట మెరుపు, ఒకచోట మసక. మసక చోట చెక్క ఇంకా పీలుస్తోంది. అక్కడ మాత్రమే రెండు పలచటి పూతలు వేసి, తర్వాత మొత్తం మీద ఒకటి.

అడ్డగీతలు ఇప్పుడు కనిపించాయి. దీనికి దగ్గరదారి లేదు. ఆ భాగం 180కి వెళ్లి పైకి రావాలి. పొర కింద గీత దాచేద్దామని మరో నాలుగు పూతలు వేస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

కారిన మరక. పూర్తిగా ఆరాక బ్లేడు అంచుతో గీకి, 600తో సమం చేయండి. పచ్చిగా ఉండగా ముట్టుకుంటే పెద్దదవుతుంది.

## 13. తర్వాత

పూర్తిగా గట్టిపడటానికి మొత్తం మీద నెల ఇవ్వండి, ఆ నెలలో స్టాక్‌ని మూసిన కేసులో పెట్టొద్దు. ఫోమ్ అచ్చులు మెత్తటి పూత మీద దిగుతాయి.

బ్యారెల్ శుభ్రం చేసేటప్పుడు సాల్వెంట్ వెనక్కి కారి గ్రిప్ దగ్గర చెక్కలోకి దిగుతుంది. రైఫిల్‌ని మూతివైపు కాస్త కిందికి వంచి పెట్టండి. గన్ ఆయిల్ కూడా అంతే, నల్లగా మెత్తబరుస్తుంది.

ఏడాదికోసారి బట్‌ప్లేట్ విప్పి కింది ముఖం చూడండి. నీటిచుక్క వేస్తే ఉండలా నిలబడాలి, పాకి పీల్చుకుందంటే మరో పూత వేసే వేళైంది. పైన గీతలకి నూనె రుద్దే ముందు మాత్రం మైనాన్ని మినరల్ స్పిరిట్స్‌తో పూర్తిగా తీసేయండి. మైనం మీద నూనె పట్టదు, మళ్లీ ఆ జిగటే.